వెనక సీటు లేని బండి

మా ఊరి పాత స్కూటర్ల సంఘం హాల్లో, కాఫీ మిషను పక్కన గోడకి ఒక ఫోటో ఉంటుంది. అందులో మా తమ్ముడు మొరేనో తోలు టోపీ పెట్టుకుని, స్కూటర్ హ్యాండిల్ పట్టుకుని నవ్వుతుంటాడు. వాడి వెనక, పక్కకి తిరిగి, తెల్లటోపీ పెట్టుకున్న ఒక పిల్ల గుడ్డలో చుట్టిన బొమ్మని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. కింద ఇత్తడి రేకు మీద "మన మంత్రసాని స్కూటర్, సెప్టెంబరు 1998" అని చెక్కించారు. ఆ ఫోటోలో మంత్రసాని లేదు. మంత్రసాని మా అమ్మ.

ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడ కాఫీ చవకే గానీ నేను వెళ్ళేది కాఫీ కోసం కాదు. ఆ మంట ఆరిపోకుండా చూసుకోవడానికి వెళతాను.

మా అమ్మ పేరు దెసొలీనా. చదివి, పరీక్ష పాసై, తస్కనీలోని ఈ కొండ ఊళ్ళకి మునిసిపాలిటీ జీతం మీద వచ్చిన మంత్రసాని. ఆ రోజుల్లో పై పల్లెలకి వెళ్ళాలంటే గాడిదైనా ఎక్కాలి, కాళ్ళైనా అరగదీసుకోవాలి. అమ్మ ఆ రెండూ చేసి చేసి విసిగి ఒక స్కూటర్ కొనుక్కుంది. ఆడది మగాడి వెనక కూర్చోవాలి గానీ ముందు కూర్చుని నడపడమేమిటని అప్పటి ఫాదరుగారు ఆదివారం ప్రసంగంలో పేరెత్తకుండా తిట్టాడట. తర్వాత ఆయన చెల్లెలికే వానలో నొప్పులొచ్చాయి. వెళ్ళింది ఆ స్కూటరే. ఆయన మళ్ళీ ఆ ప్రసంగం జోలికి పోలేదు.

నేను స్కూలు బస్సు నడుపుతాను. ఆ ఏడు జూన్‌లో సెలవులివ్వగానే బస్సు షెడ్డులోకి పోయింది, నేను అమ్మ దగ్గరికి చేరాను. మా ఆయనా నేనూ విడిపోయి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. నన్నెవరూ పలకరించకుండా ఉంటే చాలు అన్నట్టుండేదాన్ని. అమ్మ ఆ ఒక్కటీ తప్ప అన్నీ చేసింది.

"నీవెస్, నేలమాళిగలో ఆ వైను బుడ్లు పక్కకి జరుపు" అంది, నేను పెట్టె ఇంకా విప్పకముందే.

"ఎందుకు?"

"వాటి వెనక నా బండి ఉంది. ఒకసారి కొల్లెబ్రూనో పోయి రావాలి. నా బండి మీద. నా అంతట నేను."

కొల్లెబ్రూనో మాకు పైన, మలుపులు తిరిగి తిరిగి పోయే దారికి చిట్టచివరి పల్లె. అమ్మ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ పల్లెకి డాక్టరూ ఆవిడే, దేవుడూ ఆవిడే.

"నా కారులో తీసుకెళతాను పద" అన్నాను.

"కారులో శవాన్ని కూడా తీసుకెళ్ళొచ్చు" అంది అమ్మ.

ఆ మాట ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆవిడకి అప్పుడు డెబ్భై నాలుగు. కిందటేడు లైసెన్సు పొడిగించడానికి పరీక్షకి వెళితే, మా మొరేనో ముందుగానే డాక్టరు చెవిలో ఏదో ఊది అది రాకుండా చేశాడు. ఆ తర్వాత ఆవిడ చిన్న కారు అమ్మేశాడు. ఆవిడకి మాత్రం మరమ్మత్తుకి వెళ్ళిందని చెప్పాడు. వాడు ఇన్సూరెన్సు అమ్ముతాడు. లోకంలో ఏది చూసినా వాడికి జరగబోయే ప్రమాదమే కనిపిస్తుంది. మంచి కొడుకే, నేను కాదనను. కానీ ఆ మంచితనంతో మా అమ్మని చేతులూ కాళ్ళూ కట్టి కుర్చీలో కూర్చోబెట్టేశాడు.

బుడ్లు జరిపాను. బండి మీద కప్పిన దుప్పటి తీస్తే ఎలుకలు కాపరం పెట్టి, వంశాభివృద్ధి చేసుకుని, ఊరు విడిచి వెళ్ళిపోయిన ఆనవాళ్ళు. ముందు మడ్‌గార్డు మీద చిన్న లైటు, ఒంటి సీటు, దాని వెనక అమ్మ నల్ల సంచీ కట్టుకునే ఇనప క్యారియరు, దానికి రెండు తోలు పట్టీలు. అంతే. వెనక సీటు లేదు. కొన్నప్పుడే వద్దందట. "నా పనికి వెనకెవరు వస్తారు?" అంది.

ఇద్దరం కలిసి దాన్ని వంటింట్లోకే ఈడ్చుకొచ్చాం. ఇంజను పెట్టె విప్పితే ఎలుకల గూడంతా కుళ్ళి, నల్లటి ముద్దగా నా చేతికి అంటుకుంది. నేను ముక్కు మూసుకుని వెనక్కి జరిగాను.

"మంత్రసానితనం ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి, పియ్యొచ్చినా పట్టాలి" అంది అమ్మ. "పట్టు."

పట్టాను. జూన్ అంతా అదే పని. అమ్మ నీళ్ళు మరగబెట్టి, నట్లూ బోల్టులూ కడిగి, పాత తువ్వాలు మీద వరసగా పేర్చేది, పురిటింట్లో కత్తెరలు పేర్చినట్టే. నేను తుప్పు గీకేదాన్ని. గీకుతుంటే కోపం పోతుందనుకున్నాను గానీ, పోలేదు, పదునెక్కింది. ఎడమ పక్క రేకు మీద పెద్ద సొట్ట ఉంటే సుత్తితో సరిచెయ్యబోయాను.

"దాన్ని ముట్టుకోకు" అంది అమ్మ. "కొల్లెబ్రూనో ఎనిమిదో మలుపులో మంచు మీద జారి పడ్డాను. లేచి వెళ్ళాను. కవలలు. అది అట్లాగే ఉండనీ."

అసలు చిక్కు పిస్టను దగ్గర వచ్చింది. తుప్పు పట్టి సిలిండర్‌లో బిగుసుకుపోయింది. కిరోసిన్ పోసి నానబెట్టి, చెక్కముక్క పెట్టి కొట్టి కొట్టి బయటికి లాగాం. లాగాక చూస్తే లోపలంతా గీతలు. గీతలు పోయేదాకా సిలిండర్‌ని లోపల తొలిపించి, అదే బోరు కొట్టించి, కొత్త పిస్టను వెయ్యాలి. ఆ కాలం నాటి పిస్టను కొట్లలో ఎక్కడ దొరుకుతుంది? దొరికేది ఒక్క పాత స్కూటర్ల సంఘం వాళ్ళ దగ్గరే. ఆ సంఘానికి అధ్యక్షుడు గ్వల్తియేరో, కార్యదర్శి మా మొరేనో.

కబురంపితే గ్వల్తియేరో మర్నాడే ఊడిపడ్డాడు. చుట్టూ తిరిగి, వంగి, సొట్టని నిమిరి, కళ్ళు తుడుచుకున్నాడు.

"నేను కూడా మీ చేతుల్లోనే పుట్టాను, దెసొలీనమ్మా."

"తెలుసు. కాళ్ళు ముందు పెట్టి వచ్చావు. ఇప్పటికీ అంతే, తల తర్వాత వస్తుంది" అంది అమ్మ.

ఆయన నవ్వాడు. పిస్టను సంఘం ఇస్తుంది, బోరు సంఘమే కొట్టిస్తుంది. బదులుగా సెప్టెంబరు మొదటి ఆదివారం, కొల్లెబ్రూనో పండగ రోజున, ఊరి చౌకు నుంచి బయల్దేరే పాత స్కూటర్ల ఊరేగింపుకి ఈ బండి కావాలి.

"ముందు నడుస్తుందా?" అంది అమ్మ.

"అన్నిటికంటే ముందు."

"కొల్లెబ్రూనో దాకా?"

"చర్చి వాకిలి దాకా, దెసొలీనమ్మా."

అమ్మ చెయ్యి ఏప్రనుకి తుడుచుకుని ఆయనతో చెయ్యి కలిపింది. మా కొండల్లో చెయ్యి కలిపితే అయిపోయినట్టే. దాని మీద రాతకోతలుండవు, వెనక్కి పోవడమూ ఉండదు. ఎవరు నడుపుతారని ఆవిడ అడగలేదు. తన బండి ఎవరు నడుపుతారని ఎవరైనా అడుగుతారా?

జూలై చివరికి ఇంజను బిగించాం. ఆ పాత ఇంజన్లకి ఉత్త పెట్రోలు పనికిరాదు, అందులోనే ఆయిల్ కలపాలి, లేకపోతే పిస్టను పట్టేస్తుంది. అమ్మ పెట్రోలులో ఆయిల్ తనే కలిపింది, గడ్డి అల్లిన పాత వైను సీసాలో కొలిచి. నేను తగ్గిద్దామంటే ఒప్పుకోలేదు.

"కొత్త పిస్టను పచ్చి బాలింత లాంటిది" అంది. "బరువు మొయ్యించకూడదు, పస్తు పెట్టకూడదు. మామూలుకన్నా ఎక్కువే పొయ్యాలి."

బండిని పక్కకి వంచి, నిలబెట్టి, కిక్కు కొట్టాను. పలకలేదు. మళ్ళీ వంచాను. నా కాలు నొప్పెట్టి, నోటికొచ్చిన తిట్లన్నీ అయిపోయాక, ఒక్కసారిగా దగ్గి, నీలం పొగ వదిలి అందుకుంది. అమ్మ ఏప్రను విప్పి నా భుజం మీద వేసింది. సీటెక్కి, క్లచ్చి నొక్కి, గేరు వేసి, పెరట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ద్రాక్ష పందిరి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. నడుం నిటారుగా, మోచేతులు పక్కలకి ఆనించి. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. పక్కింటి ముసలాయన గోడ మీంచి చూసి, "ఎవరింట్లోనే నొప్పులు?" అని కేకేశాడు. ఆ వేసవిలో నేను కడుపారా నవ్వింది అప్పుడే.

రెండో చుట్టులో మొరేనో కారు వచ్చి వాకిలికి అడ్డంగా ఆగింది.

"దిగమ్మా" అన్నాడు. మొహం పాలిపోయింది. "దిగు ముందు."

అమ్మ దిగింది. వాడు బండి చేతిలోకి తీసుకుని ఇంజను ఆపేశాడు. అప్పటికప్పుడు ఎవరికో ఫోను చేసి ట్రాలీ తెప్పించి, బండిని తన గ్యారేజీకి పట్టుకుపోయాడు. ఊరేగింపు దాకా అక్కడే ఉంటుందన్నాడు. అమ్మ డబ్బా నిండా ఆయిల్ కలిపిన పెట్రోలు వాడి కారులో పెట్టి, "ఇది అయిపోతే నా దగ్గరికి రా. పంపులో కొట్టించకు" అంది.

"సరే సరే" అన్నాడు వాడు, చిన్నప్పుడు స్వెట్టరు వేసుకోమంటే అన్నట్టే.

అసలు సంగతి ఆ వారమే బయటపడింది. మొరేనో, గ్వల్తియేరో ఇద్దరూ ఆదివారం సాయంత్రం వచ్చారు. అమ్మ పీచు పళ్ళు ముక్కలు కోసి వైనులో వేసి బల్ల మీద పెట్టింది.

"అంతా సిద్ధం" అన్నాడు గ్వల్తియేరో. "కాత్య మంత్రసాని వేషం కడుతుంది. మేయరుగారి మేనకోడలు. తెల్లటోపీ, ఒళ్ళో పసిబిడ్డ. వెనక కూర్చుంటే చూడముచ్చటగా ఉంటుంది."

"దేని వెనక?" అంది అమ్మ.

"స్కూటర్ వెనక."

"నా స్కూటర్‌కి వెనక లేదు."

"సీటు బిగిస్తాం లెండి. ఆ కాలం నాటిదే, అచ్చం అసలుది."

"మరి ముందెవరు?"

గ్వల్తియేరో మొరేనో వైపు చూశాడు. మొరేనో పీచు ముక్కల్లోకి చూశాడు.

"నేనమ్మా" అన్నాడు.

"నేనెక్కడ?"

"మీరు మా అతిథి" అన్నాడు గ్వల్తియేరో. "పైన వేదిక మీద కుర్చీ వేయిస్తున్నాం. బండి రాగానే కాత్య దిగొచ్చి మీకు పూలగుత్తి ఇస్తుంది. మీరు చెయ్యి ఊపుతారు."

నేను బల్ల మీదికి వంగాను. "ఒరేయ్ మొరేనో, సొమ్మొకడిది సోకొకడిదీనా? ఆ దారిలో వానలో, మంచులో ఆవిడ ఒక్కతే పోయింది. ఇప్పుడు ఆవిడ వేషానికి ఒక పిల్లని పెట్టి, ఆ పిల్లనీ నీ వెనకే కూర్చోబెడతావా?"

"అక్కా, నువ్వు ఊరుకో. అమ్మకి లైసెన్సు లేదు."

"ఎవడు లేకుండా చేశాడు?"

"పడితే? నడుం విరిగితే? ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

"నువ్వా?" అన్నాడు వాడు. "మొగుణ్ణే చూసుకోలేకపోయావు."

పీచు గిన్నె నా చేతికి దగ్గర్లోనే ఉంది. ఎత్తి వాడి ఒళ్ళో బోర్లించాను. లేత రంగు ప్యాంటు వాడిది, కొత్తది. గ్వల్తియేరో కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. మొరేనో లేచి నన్ను కొట్టేవాడే, అమ్మ బల్ల మీద అరచేత్తో చరిచింది.

"కూర్చోండి ఇద్దరూ." కూర్చున్నాం. నాకు నలభై తొమ్మిది, వాడికి నలభై ఆరు. "చెయ్యి కలిపాను. బండి ఇస్తానన్నాను, ఇస్తాను. ఇంక ఆ మాట ఎత్తొద్దు."

వాళ్ళు వెళ్ళాక నేను ఆవిడతో ఎంత పోట్లాడానో పక్కింటి ముసలాయన్ని అడిగితే చెబుతాడు. ఆ రోజు నాకు వాళ్ళిద్దరి మీదకంటే ఆవిడ మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఫాదరు నోరు మూయించిన మనిషి, తన కడుపున పుట్టినవాడి ముందు నోరు మూసుకుంది. ఆవిడ గిన్నె కడుక్కుంటూ అంతా విని, "అరిచావుగా. ఇంక పడుకో" అంది.

ఆగస్టు అట్లా గడిచింది. నేను ఒకసారి మొరేనో గ్యారేజీకి వెళ్ళాను. అమ్మ క్యారియరు ఊడదీసి మూల పడేశాడు. దాని చోట మెత్తటి వెనక సీటు తళతళలాడుతోంది. తోలు పట్టీలు కుక్కకి కట్టాడు. నేను కుక్క మెడ విప్పి పట్టీలు తెచ్చుకున్నాను. కుక్క నా వెంట మా ఇంటి దాకా వచ్చింది.

కాత్య కూడా ఒక మధ్యాహ్నం వచ్చింది. మంచి పిల్ల. పసిబిడ్డని ఎట్లా పట్టుకోవాలో నేర్చుకోవడానికి వచ్చింది. ఆ బండి నడిపింది అమ్మేనని మాటల్లో నేను చెప్పేశాను. ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"మీరే నడిపేవారా మామ్మగారూ? నాకెవరూ చెప్పలేదు. మీ ఆయన నడిపేవారనుకున్నాను. నేను మానేస్తాను."

"మానకు" అంది అమ్మ. "మాటిచ్చాక మానకూడదు. బొమ్మైనా సరే, మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకో. లేకపోతే చూసేవాళ్ళు నన్ను తిడతారు."

సెప్టెంబరు ఆదివారం ఎండ ఇంకా గట్టిగానే ఉంది. ముసలివాళ్ళని కొల్లెబ్రూనో చేర్చడానికి నా స్కూలు బస్సు ఇవ్వమన్నారు. నేను డ్రైవరుని, అమ్మ ముందు సీట్లో. మిగతా ఆడవాళ్ళందరూ పూల గౌన్లు వేసుకుంటే ఆవిడ ముదురు నీలం పనిబట్టలు వేసుకుంది. ఒళ్ళో ఆ నల్ల సంచీ.

"అదెందుకమ్మా ఇప్పుడు?"

"సంచీ లేకుండా నేనెప్పుడైనా కొల్లెబ్రూనో వెళ్ళానా?"

చౌకులో ఫోటో తీశారు. అదే, ఇప్పుడు గోడ మీదున్నది. బ్యాండు మోగింది. మొరేనో, వాడి వెనక కాత్య, ఆ వెనక పాతిక ముప్ఫై స్కూటర్లు, అన్నిటి వెనక నా బస్సు. ఊరి చివర, కొండ ఎక్కుడు మొదలయ్యే చోట పెట్రోలు పంపు ఉంది. కొందరు అక్కడ ఆగారు. మొరేనో కూడా ఆగాడు. రోజూ సాయంత్రాలు ఆ వీధీ ఈ వీధీ తిరిగి అందరికీ చూపించుకున్నాడుగా, అమ్మ ఇచ్చిన డబ్బా ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

మిగతావాళ్ళు తమ బళ్ళ పెట్టెల్లోంచి ఆయిల్ సీసాలు తీస్తున్నారు. మా మొరేనో సీటెత్తి, ట్యాంకు మూత తీసి, గ్వల్తియేరోతో కబుర్లాడుతూ, ఎవరికో చెయ్యి ఊపుతూ, రోజూ కారులో కొట్టించుకున్నట్టు ఉత్త పెట్రోలు కొట్టించాడు. మూత పెట్టాడు. సీటు దించాడు.

నేను స్టీరింగు మీంచి అంతా చూశాను. అమ్మ కూడా చూసింది.

"అమ్మా, ఆయిల్" అన్నాను.

అమ్మ సంచీ క్లిప్పు కొంచెం తెరిచి చూపించింది. గడ్డి అల్లిన సీసా లోపలే ఉంది, నిండుగా. మళ్ళీ మూసింది.

"బండి ఇస్తానన్నాను" అంది. "ఆయిల్ కలిపిస్తానని అనలేదు."

"వాడు పడితే?"

"ఎక్కుడు దారి. ఇద్దరు మనుషుల బరువు. నడిచినంత నెమ్మదిగా పోతాడు. దిగుడైతే ఇక్కణ్ణుంచే అరిచేదాన్ని." కిటికీ అద్దం దించింది. "గాలి బావుంది. పోనీ."

నేను హారను కొట్టొచ్చు. దిగి పరుగెత్తొచ్చు. కొట్టలేదు, దిగలేదు. గేరు వేశాను. దానికి నేనెప్పుడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను.

ట్యాంకులో అడుగున మిగిలిన పాత ఆయిల్‌తో కొన్ని మలుపులు బాగానే వెళ్ళింది. ఆ తర్వాత ముందున్న మొరేనో బండి నుంచి పొగ రావడం ఆగిపోయింది. చప్పుడు సన్నబడి, ఇనుము మీద ఇనుము రాసుకున్న కీచు వినిపించింది. బండి కాళ్ళు తన్నిపెట్టిన గాడిదలా ఆగిపోయింది. మొరేనో కాళ్ళు కింద పెట్టి నిలదొక్కుకున్నాడు. కాత్య కిందికి దూకింది గానీ బొమ్మ చేతిలోంచి జారి రోడ్డు మీద దొర్లుకుంటూ వచ్చింది. బస్సులో ఒక ముసలావిడ, "అయ్యో, బిడ్డ పడిపోయింది" అని గుండెలు బాదుకుంది. వెనకొచ్చే స్కూటర్లన్నీ ఒకదాని మీదొకటి ఎక్కినంత పనైంది. పైన కొల్లెబ్రూనోలో ఉన్న ఇంకో బ్యాండువాళ్ళకి ఏం తెలుసు, వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు.

అమ్మ నన్ను తలుపు తియ్యమంది. సంచీ పట్టుకుని స్కూటర్ల మధ్యలోంచి నడిచి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. మొరేనో ఆగకుండా కిక్కు కొడుతున్నాడు. కిక్కు రాయిలా కదలడం లేదు.

"కొట్టకు" అంది అమ్మ. "పిస్టను పట్టేసి సీజయింది. ట్యాంకులో ఆయిల్ ఎవరు కలిపారు?"

వాడు పంపు ఉన్న వైపు చూశాడు. వాడి చెవులు ఎర్రబడటం నేను చూశాను. నాకు జాలి వెయ్యలేదు.

గ్వల్తియేరో చేతులు ఊపుకుంటూ వచ్చాడు. "ట్రాలీ పిలవండి. బండి పక్కకి తీయండి. దెసొలీనమ్మా, మీరు బస్సులో కూర్చోండి, ఎండ."

"నీ ఊరేగింపుకి బండి ఇస్తానన్నాను, ఇచ్చాను. నడిచినంత దూరం నడిచింది" అంది అమ్మ. "ఇప్పుడు అది నాది. ఎవరూ ముట్టుకోకండి, చల్లారనివ్వండి. పురిటి మనిషినీ దీన్నీ తొందరపెట్టకూడదు."

వెళ్ళి గోడ మీద కూర్చుంది. అందరూ నిలబడ్డారు. ఆ ఎండలో అంతమంది మగవాళ్ళు తోలు టోపీలతో చెమటలు కక్కుతూ ఒక ముసలావిడ ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ నిలబడటం, నా కళ్ళకి పండగ.

లేచాక ఇంజను మీద చెయ్యి ఆనించి చూసింది. సంచీలోంచి పానా తీసి ప్లగ్గు విప్పింది. ఆ కన్నంలో కొంచెం ఆయిల్ పోసింది. ట్యాంకులో మిగతాది పోసి బండిని అటూ ఇటూ వంచి కలిపించింది, నా చేతే. ప్లగ్గు బిగించి పానా మొరేనోకి ఇచ్చింది.

"ఆ వెనక సీటు తియ్యి."

"ఎందుకమ్మా?"

"బరువు."

వాడు మోకాళ్ళ మీద కూర్చుని సీటు ఊడదీశాడు. కుక్క మెడలోంచి తెచ్చిన పట్టీలు నా జేబులోనే ఉన్నాయి. క్యారియరు లేకపోయినా ఒంటి సీటు వెనక కమ్మీకి సంచీ బిగించి కట్టాను.

అమ్మ బండిని కిందికి, ఊరి వైపు తిప్పింది. ఇంటికి పోతోందనుకున్నారు అందరూ. గ్వల్తియేరో నిట్టూర్చాడు కూడా. ట్రాఫిక్ పోలీసు రెమో మలుపులో నిలబడి ఉన్నాడు. అమ్మ వాడి వైపు చూసింది. వాడూ ఆవిడ చేతుల్లో పుట్టినవాడే. రెమో తలెత్తి, వాన వస్తుందేమోనని ఆకాశం చూడటం మొదలెట్టాడు. ఒక్క మబ్బు లేదు.

అమ్మ సీటెక్కి, క్లచ్చి పట్టి, బండిని వాలులో వదిలింది. చప్పుడు లేకుండా జారింది. కొంచెం వేగం అందుకోగానే క్లచ్చి వదిలింది. బండి ఒక కుదుపు కుదిపి, దగ్గి, మమ్మల్నందర్నీ ముంచేసేంత నీలం పొగ వదిలి అందుకుంది. కింద వెడల్పాటి మలుపులో చుట్టు తిరిగింది. తిరిగి పైకి వచ్చింది. నడుం నిటారుగా, మోచేతులు పక్కలకి ఆనించి, స్కూటర్ల పక్కనుంచి, టోపీల పక్కనుంచి, కొడుకు పక్కనుంచి, నా పక్కనుంచి వెళ్ళిపోయింది. ఎవరి వైపూ తల తిప్పలేదు. ఎనిమిదో మలుపు దగ్గర గేరు మార్చిన చప్పుడు వినిపించింది, తర్వాత కొండ అడ్డొచ్చింది.

మొరేనో బస్సెక్కి, అమ్మ కూర్చున్న సీట్లో కూర్చున్నాడు. కాత్య బొమ్మకి దుమ్ము దులుపుతూ వాడి వెనక కూర్చుంది.

"పడిపోతుందేమో అక్కా" అన్నాడు.

"నోరు మూసుకుని కూర్చో" అన్నాను. బస్సు కదిలించాను.

కొల్లెబ్రూనో చేరేసరికి బ్యాండు ఆగిపోయింది. స్కూటర్ చర్చి వాకిట్లో స్టాండు వేసి ఉంది, ఇంజను ఇంకా టిక్కు టిక్కుమంటోంది. వేదిక మీద ఆవిడ కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ ఎవరింటి మెట్ల మీదో కూర్చుని, ఎవరో ఇచ్చిన కాఫీ తాగుతోంది. ఆవిడ మొహం మీద మసి, పెదవి పైన కూడా. మొరేనో పూలగుత్తి పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాడు.

అమ్మ వాణ్ణి కిందినుంచి పైదాకా చూసింది.

"ఇంత ఆలస్యమా?" అంది. "ఈపాటికి బిడ్డ పుట్టేసేది."